ఆయ్ అన్న పాపానికి

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడు చెప్తాను. ఎలాగూ నవ్వుతారనుకోండి, అయినా మాటివ్వండి. మొన్న ఆదివారం నుంచీ మా కొట్టుకొచ్చే ప్రతివాడూ బస్తా అడిగే ముందు నా మొహంలోకి చూసి "ఆయ్!" అని పళ్ళికిలిస్తున్నాడు. ఒక్క మాటండీ, ఒకే ఒక్క మాట! దాంతో ఓ పెళ్ళి చెడగొట్టబోయేను. అది ఎలాగోలా చక్కబడిందిరా దేవుడా అనుకునేలోపు అదే మాటతో నా మెడకి నేనే ఓ గుదిబండ తగిలించుకున్నాను.

నేను కొత్తపేటలో ఎరువులు, పురుగుమందుల కొట్టు నడుపుతున్నానని మీకు తెలుసుగా. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది కొత్త ఫోన్ కొనుక్కుని, "ఇక దీంతో నాకు పని లేదు బావా" అని వాడి పాత కెమెరా నాకిచ్చేసేడు. ఇచ్చి ఊరుకోవచ్చుగా! యూట్యూబ్‌లో ఏవో వీడియోలు కూడా పంపేడు. అక్కడ పట్టుకుందండీ నాకీ పిచ్చి. స్ట్రీట్ ఫోటోగ్రఫీ అంటారు. ఊళ్ళో వీధులెంట తిరుగుతూ, మనుషులు వాళ్ళ పనుల్లో వాళ్ళుండగా, మనం ఉన్నట్టు వాళ్ళకి తెలియకుండా ఫోటో తీయాలి. క్యాండిడ్! పోజు పెట్టేరా, ఆ ఫోటో చెత్తబుట్టలోకే.

రెండు వీడియోలు చూసేసరికి నాకు అహంకారం తలకెక్కింది. మా ఆవిడ సుభతో అన్నాను కూడా. "పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళని చూస్తే జాలేస్తోంది సుభా. స్టేజీ మీద జనాన్ని వరసగా నిలబెట్టి, నవ్వండి నవ్వండి అనడం కూడా ఒక కళేనా?"

"మీ కళ సంగతి తర్వాత," అంది సుభ. "కెమెరాలో కన్ను పెడితే మీకు చెవులు పనిచెయ్యవు. ఎవరేం అడిగినా ఆయ్ అనేస్తున్నారు. అది మానుకోండి ముందు."

నిజమేనండి. మా గోదారి వాళ్ళకి ఆయ్ అనేది మాట కాదు, ఊపిరి. పెద్దవాళ్ళు పిలిస్తే ఆయ్, వింటున్నామని ఆయ్, ఒప్పుకున్నామని ఆయ్, వినపడకపోయినా మర్యాదకి ఓ ఆయ్. అంతకుముందే ఒకసారి నేను పెరట్లో పిచికని ఫోటో తీస్తుంటే సుభ వెనకనుంచి ఏదో అడిగింది. ఆయ్ అన్నాను. మర్నాడు రాజోలు బస్సులో మా అత్తగారు పెట్టెతో సహా దిగేరు. వేసవి అంతా ఉండమని నేనే చెప్పేనట!

పోనీ కొత్తపేటలోనే తీసుకుందామంటే కుదిరి చావదు. ఇక్కడ నేనెవరో అందరికీ తెలుసు. సంతలో ఓ పెద్దాయన చుట్ట కాలుస్తున్నాడు, పొగలోంచి ఎండ పడుతోంది, అబ్బ, ఏం సీను! మెల్లిగా కెమెరా ఎత్తేను. ఆయన చుట్ట తీసేసి, "ప్రసాదు గారూ, కొమ్ము పురుగు మందు వచ్చిందాండీ?" అన్నాడు. ఎవరివైపు కెమెరా తిప్పినా ఇదే వరస. కొబ్బరి చెట్టుకి కొమ్ము పురుగు పడితే పడింది గానీ, నా కళకి కూడా పట్టింది. అందుకని నన్నెరగని చోటు చూసుకోవాలని, ఓ ఆదివారం కొట్టుకి తాళం వేసి, బండేసుకుని అంబాజీపేట మీదుగా అమలాపురం వెళ్ళేను.

అక్కడ కాలవ పక్కన ఓ పాత వీధి ఉందండి. పెంకుటిళ్ళు, ఎత్తరుగులు, ఓ ఇంటికి నీలం తలుపు, తలుపుకి ఆనించిన సైకిలు. పొద్దున్న ఎండ ఏటవాలుగా పడుతోంది. నాకు ఒళ్ళు పులకరించిపోయింది. బండి పక్కన పెట్టి, గోడవారగా గొంతుక్కూర్చుని కెమెరాలో కన్ను పెట్టేను. ప్రహరీ మీద ఓ పిల్లి, అవతలి గోడ మీదకి దూకడానికి ఒళ్ళు కుదించుకుని రెడీగా ఉంది.

అప్పుడు వచ్చేరండీ సూర్యం మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు గారు, ఆ వీధికి పెద్ద దిక్కు. నాకు అప్పటికి ఆయన ఎవరో తెలీదు. పంచె అంచు మాత్రం కనపడుతోంది.

"ఎవరింటికండీ?" అన్నారు.

"ఎవరింటికీ కాదండి. ఊరికే వీధి చూద్దామని," అన్నాను, కన్ను తియ్యకుండా.

ఆయన నవ్వేరు. "అంతేలెండి, అలాగే అనాలి. కొత్తపేట నుంచేనా?"

"ఆయ్."

నా మొహాన ఊరి పేరు రాసి లేదు కదా, ఈయనకెలా తెలిసిందబ్బా అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. కానీ పిల్లి వెనక కాళ్ళు కదిలించింది.

"పెద్దలు పంపేరా?"

"ఆయ్."

"వెంకటరమణ గారి ఇల్లూ వాకిలీ చూసి పోదామనేగా?"

"ఆయ్, ఆయ్."

పిల్లి దూకింది. క్లిక్! గాల్లో పిల్లి, కింద సైకిలు, వెనక నీలం తలుపు. ఆ ఆనందంలో తలెత్తి చూసేసరికి మాస్టారు లేరు. ఆయన వయసుకి మించిన స్పీడులో వీధి చివరికి నడిచి వెళ్ళిపోతున్నారు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నాకు ఆ రోజు మధ్యాహ్నందాకా తెలీదు, మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. మా వైపు ఓ సంబంధం గురించి మాటలు మొదలైతే, పెళ్ళిచూపులకి ముందు అబ్బాయి తరఫువాళ్ళు ఓ మనిషిని అమ్మాయి ఉండే వీధికి పంపుతారు. దాన్నే వాకబు అంటాం. ఆ మనిషి తనెవరో చెప్పడు. అద్దె ఇల్లు వెతుకుతున్నట్టో, ఎవరి అడ్రసో మర్చిపోయినట్టో తిరుగుతూ మంచీ చెడ్డా చూసుకుంటాడు. అతనెవరో వీధి మొత్తానికి తెలుస్తుంది, కానీ తెలిసినట్టు ఎవరూ కనపడరు. అదో మర్యాద. ఆ వీధిలో కొబ్బరికాయల వ్యాపారం చేసే వెంకటరమణ గారికి సింధు అని ఒక్కతే కూతురు. ఆ అమ్మాయికి వచ్చిన సంబంధం మా కొత్తపేటది! ఆదివారాల్లో ఎవరో ఒకరు వాకబుకి రావచ్చని కబురుంది. నేను వచ్చేను, కెమెరాతో!

ఇక చూడండి. కాసేపట్లో ఆ వీధి మారిపోయింది. పొద్దున్నే ముగ్గేసిన వాకిట్లో ఓ ఆవిడ పట్టుచీర కట్టుకొచ్చి ఆ ముగ్గు మీదే మళ్ళీ ముగ్గెయ్యడం మొదలెట్టింది. బనీనుతో కూర్చున్న పెద్దమనిషి లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కాతో వచ్చి సరిగ్గా అదే చోట, అదే భంగిమలో కూర్చున్నాడు. కాలవగట్టు మీద ఆరేసిన లుంగీలన్నీ మాయమైపోయేయి. నాకేమో, అబ్బ, ఈ వీధి జనం ఎంత శుభ్రంగా ఉంటారో అనిపించింది. టకటకా తీసేస్తున్నాను. ఒక్కరైనా నావైపు చూడరే! అందరూ ఎటో చూస్తూ నవ్వుతున్నారు. ఇదీ క్యాండిడ్ అంటే అని మురిసిపోయేను.

కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డారు. మంగ, నాగమణి. "మా వీధిలో గొడవలంటే ఏంటో ఎవరికీ తెలీదండి," అంది మంగ. "అక్కచెల్లెళ్ళలా ఉంటామండి," అంది నాగమణి, పళ్ళ మధ్యనుంచి. ఫోటో తీసి, స్నేహం అని పేరు కూడా పెట్టేసుకున్నాను. కుళాయి నీళ్ళ దగ్గర తగువై వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవని తర్వాత తెలిసింది.

విచిత్రం ఏంటంటే, ఎవరితో మాటాడినా ఒక్క ఇంటి దగ్గరికే వచ్చి ఆగుతోంది. "ఆ గోడ తీసేరాండీ? వెంకటరమణ గారిది. మనిషి ఎంత నెమ్మదో!" గోడ ఫోటోకి ఆయన నెమ్మదితో పనేంటో నాకర్థం కాలేదు. "ఆ అరుగు తీసేరా? ఆ ఇంట్లో అమ్మాయి గొంతు ఈ వీధిలో ఎవరూ వినలేదండి, అంత అణకువ." సరే, అందరూ ఇంతగా చెప్తున్నారంటే ఆ ఇల్లు చూడ్డానికి బావుంటుంది కాబోలు అనుకుని అటు నడిచేను. గుమ్మంలో వెంకటరమణ గారు చేతులు జోడించి నిలబడున్నారు.

"రండి బాబూ, రండి. మా ఇంట్లో దాచేదేం లేదు, మీకెక్కడ కావాలంటే అక్కడ చూసుకోండి."

ఇంత సహకారం ఏ వీడియోలోనూ చెప్పలేదు! లోపలికెళ్ళగానే వాళ్ళావిడ లక్ష్మిగారు పళ్ళెం పెట్టేరు. పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన వేడివేడి పొట్టిక్కలు, పక్కన కొబ్బరిపచ్చడి, ఆపైన కొబ్బరి లౌజు. నేను మొహమాటపడలేదండి, ఎందుకు దాచడం. కళాకారుణ్ణి గౌరవించే వీధి అనుకుని బుట్ట మీద బుట్ట ఒలుచుకుని తిన్నాను. కాఫీ కూడా తాగి పని మొదలెట్టేను. హాలు తీసేను, వంటిల్లు తీసేను, పెరట్లో కొబ్బరికాయల రాసి తీసేను. వెనకాలే మొగుడూ పెళ్ళాలు, వాళ్ళ వెనక మాస్టారు.

"ఎలా ఉందండీ?" అన్నారు వెంకటరమణ గారు మెల్లిగా.

నేను స్క్రీన్‌లో ఫోటోలు చూసుకుంటున్నాను. "బయటనుంచి చూస్తే బానే ఉందండి. లోపలికొచ్చేసరికి అంతా చీకటి."

ఆయన గోడ తడిమి చూసేరు. "పాత ఇల్లు కదండీ. సున్నం వేయిస్తాం."

"పాతదైతే పర్లేదండి. అసలు ఇబ్బంది మనుషులతో. ఒక్కరూ సహజంగా లేరు. అందరివీ నటనలే."

మాస్టారు దగ్గేరు. లక్ష్మిగారు గబగబా లోపలికెళ్ళి కూతుర్ని తీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టేరు. గులాబీరంగు చీర, తలవంచుకుని, చేతిలో ట్రే. ఆ గుమ్మంలోంచి వెనక పెరటి వెలుతురు భలేగా వస్తోంది, సరిగ్గా దానికి అడ్డంగా నిలబడింది ఆ పిల్ల.

నేను కెమెరా ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి, "అమ్మాయిగారు కాస్త పక్కకి తప్పుకుంటే బావుంటుందండి. అమ్మాయి లేకుండా ఐతేనే నచ్చుతుంది," అన్నాను.

అప్పుడైనా నా బుర్ర వెలిగిందా? ఊహూ. ఇంకో రెండు యాంగిల్స్ ప్రయత్నించి, నిట్టూర్చి, కెమెరాకి మూత పెట్టేసేను. "లేదండి, ఇక్కడ కుదర్లేదు. ఎంత చూసినా కుదరట్లేదు. వేరేచోట చూసుకుంటాను. పొట్టిక్కలు మాత్రం చాలా బావున్నాయండి."

లక్ష్మిగారు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఫోటో రాకపోతే ఇంత బాధపడతారేంటి, సున్నితమైన మనుషులు పాపం అనుకుంటూ, చెయ్యి కడుక్కుని బయటికొచ్చేసేను!

బయట వీధి రంగు మారిపోయింది. నాకంటే ముందే కబురు వెళ్ళిపోయింది మరి. పట్టుచీరావిడ ముగ్గు గిన్నె ధడేలున కింద పెట్టింది. ఇస్త్రీ చొక్కాయన నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. బడ్డీకొట్టులో సోడా అడిగితే, ఎదురుగా వరసగా సీసాలుండగానే "లేవండి" అన్నాడు. అన్నీ నిజమైన మొహాలు, పోజనేదే లేదు. నేనేం చేసేనో తెలుసా? ఆహా, ఇప్పుడొచ్చిందిరా మూడ్ అని వాళ్ళనే ఫోటోలు తీసుకుంటూ నడుస్తున్నాను.

"ఏవండీ! ఆగండి!"

తిరిగి చూసేను. ఇందాకటి గులాబీ చీర. కుచ్చిళ్ళు ఓ చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, వీధి మధ్యలో పరుగున వస్తోంది. ఎవరూ గొంతు వినలేదన్న అమ్మాయి! నా వేలు దానంతటదే బటన్ నొక్కేసింది.

ఆ పిల్ల నా ముందుకొచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "నాలో ఏం కుదర్లేదో నా మొహం మీద చెప్పి వెళ్ళండి."

"నీలో కాదమ్మా, లైటింగ్‌లో," అన్నాను.

"లైటింగా? మావాళ్ళు కరెంటు బిల్లు కట్టేరో లేదో కూడా చూస్తారా మీరు?"

"అది కాదమ్మా, గుమ్మంలో నువ్వు అడ్డం నిలబడితే..."

"నేను అడ్డమా! మా అమ్మ అక్కడ ఏడుస్తోందండీ. మా నాన్న కుర్చీలోంచి లేవట్లేదు. సంబంధం ఇష్టం లేకపోతే లేదనండి, అంతేగానీ ఇంటికొచ్చి, తిని, మనుషులందరివీ నటనలంటారా?"

సంబంధం అన్న మాట విన్నానండీ, అప్పుడు విన్నాను. పొద్దున్నించీ మూసుకుపోయిన చెవులు ఒక్కసారి తెరుచుకున్నాయి. కొత్తపేట నుంచేనా? ఆయ్. పెద్దలు పంపేరా? ఆయ్. వెంకటరమణ గారి ఇల్లూ వాకిలీ చూసిపోదామనేగా? ఆయ్, ఆయ్! నవ్వులాటగా చెప్తున్నాను గానీ, ఆ నిమిషంలో నిజంగా భయమేసింది. ఓ ఆడపిల్ల ఇంట్లో కూర్చుని, వాళ్ళ తిండి తిని, వాళ్ళ మొహం మీద కుదరదని చెప్పి వచ్చేనన్నమాట.

"అమ్మా, నేను ఆ మనిషిని కాదు. నన్నెవరూ పంపలేదు. నాకు ఎరువుల కొట్టుంది," అన్నాను.

ఈలోపు వీధంతా చుట్టూ మూగింది. "ఎరువుల కొట్టాయనైతే కెమెరా పట్టుకుని పిల్లుల్ని ఫోటో తీస్తాడా?" అంది మంగ. "అబద్ధం ఆడినా అతికినట్టుండాలి," అంది నాగమణి. ఈసారి ఇద్దరూ మనస్ఫూర్తిగానే కలిసి మాటాడేరు. మాస్టారు ముందుకొచ్చేరు. "వాకబుకొచ్చినవాళ్ళు కాదనే అంటారు. కానీ మీరు పొద్దున్న ఆయ్ అన్నారు. నా చెవులారా విన్నాను."

"నేను వినలేదండీ!" అన్నాను. "నేనన్నది నేనే వినలేదు!"

"మరి కుదర్లేదని చెడగొట్టి రమ్మని ఎవరు పంపేరు?" అన్నాడు ఇస్త్రీ చొక్కాయన, చేతులు మడుచుకుంటూ.

నా బండి వీధి అటు చివర ఉంది. పరిగెడితే అందుతుందా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు సింధు ఫోను ఎత్తి, "కిషోర్‌కి చేస్తున్నాను, ఈయన వాళ్ళ మనిషో కాదో తననే చూసి చెప్పమంటాను," అంది. అబ్బాయి నంబరు అప్పటికే ఆ పిల్ల దగ్గరుందని తెలిసి వెనకనుంచొచ్చిన వెంకటరమణ గారు ఇంకోసారి నీరుగారిపోయేరు. వీడియో కాల్ కలిసింది. ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది.

తెరమీద కుర్రాడు కళ్ళు చిట్లించి చూసి, "అరే! ఎరువుల కొట్టు ప్రసాదు గారు! నమస్కారం అండీ! మీరక్కడేం చేస్తున్నారు? మా నాన్నగారు నిన్ననే అడగమన్నారండి, కొమ్ము పురుగు మందు వచ్చిందాండీ?" అన్నాడు.

జీవితంలో ఆ ప్రశ్నకి నేనెప్పుడూ అంత సంతోషపడలేదు. "వచ్చింది బాబూ, వచ్చింది! ఎన్ని డబ్బాలు కావాలంటే అన్ని ఇస్తాను!" అని అరిచేను. ముందు సింధు నవ్వింది. తర్వాత మాస్టారు. ఆ తర్వాత వీధి మొత్తం. నేనూ నవ్వేను, ఏడవలేక.

అయిపోయిందనుకుని బండివైపు అడుగేసేను. లక్ష్మిగారు అడ్డమొచ్చేరు. "అలా ఎలా వెళ్తారండీ? శుభమా అని మాటలు నడుస్తుంటే మా ఇంట్లో కూర్చుని కుదర్లేదు కుదర్లేదని అన్నారు. ఆ మాట గాల్లో అలా ఉండిపోకూడదు. ఏ నోటితో అన్నారో ఆ నోటితోనే, అదే చోట కూర్చుని, కుదిరిందని అనండి."

మళ్ళీ తీసుకెళ్ళి అదే పీట మీద కూర్చోబెట్టేరు. మళ్ళీ కొబ్బరి లౌజు. నోరు తీపి చేసుకుని, వీధి మొత్తం గుమ్మంలోంచి తొంగి చూస్తుంటే, "కుదిరిందండీ, బ్రహ్మాండంగా కుదిరింది," అన్నాను. "గట్టిగా అనండి," అంది గుమ్మంలోంచి సింధు. గట్టిగా అన్నాను.

ఇంటికొచ్చి సుభకి చెప్తే, పొట్ట పట్టుకుని మంచం మీద దొర్లింది. మా అత్తగారు ఫోన్‌లో రాజోలు మొత్తానికీ చెప్పేసేరు.

రెండు రోజులాగి కిషోర్ అమ్మానాన్నలు మా కొట్టుకొచ్చేరు. వాళ్ళ నాన్నగారు మందు డబ్బా అందుకుని, "వీధంతా చూసొచ్చేరటగా ప్రసాదు గారూ. ఇక మేం వేరే ఎవర్ని పంపుతాం? మీరే చెప్పండి, మీ ఫోటోలు చూపించండి," అన్నారు. అయిపోయింది! ఆయ్ అనకుండా ఉండి ఉంటే తప్పిపోయేది గానీ, చివరికి నిజంగానే వాకబు మనిషినయ్యేను.

కౌంటరు మీద కెమెరా పెట్టి ఒక్కో ఫోటో చూపించేను. పట్టుచీర ముగ్గు, ఇస్త్రీ చొక్కా, స్నేహం. కిషోర్ వాళ్ళమ్మగారు పెదవి విరుస్తూనే ఉన్నారు. "అందరూ పెళ్ళికొచ్చినట్టున్నారేంటండీ?" ఓ ఫోటో దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి ఆగింది. వీధి మధ్యలో పరుగెత్తుకొస్తున్న గులాబీ చీర, ఎగిరిన జుట్టు, కళ్ళలో నిప్పులు. నా వేలు దానంతటదే నొక్కేసిన ఫోటో కదా అది!

"ఈ అమ్మాయేనా?"

"ఆయ్," అన్నాను. ఈసారి విని, ఆలోచించి, తెలిసే అన్నాను. "వాళ్ళమ్మ ఏడ్చిందని నన్ను నిలదియ్యడానికి వస్తోందండి. ఆ పిల్ల చేసిందే రైటు."

ఆవిడ ఫోటో వంక చాలాసేపు చూసి నవ్వేరు. "మా ఇంట్లో తండ్రీ కొడుకులిద్దరూ నోట్లో నాలిక లేనివాళ్ళండి. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే అరుస్తున్నాను. నాకో తోడు కావాలి." లేచి వెళ్ళబోతూ ఆ ఫోటో తన ఫోన్‌కి పంపమన్నారు. వందల ఫోటోల్లో నాకు కుదిరింది ఆ ఒక్కటేనండి. దాంతోనే సంబంధం కుదిరింది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది నాకు.

మొన్న ఆదివారం తాంబూలాలు. అదే వీధి, షామియానా వేసేరు. నన్నూ సుభనీ ముందు వరసలో కూర్చోబెట్టేరు. మంగా నాగమణీ కలిసే వడ్డిస్తున్నారు, ఇప్పుడు మాటలున్నాయట, నన్ను తిట్టుకోవడంతో మొదలై అలా కొనసాగుతున్నాయట. కిషోర్ పక్కన సింధు కూర్చుని, నన్ను చూసి, "లైటింగ్ బావుందా బాబాయ్ గారూ?" అంది. అందరూ గొల్లుమన్నారు. నా మనసు నిండిపోయిందనుకోండి.

అంతా బావుంది, నేనే ఊరుకోలేకపోయేను. వడ్డన బల్ల కిందనుంచి మన పాత పిల్లి! అదే పిల్లి. బల్ల మీది లడ్డూ పళ్ళెం వంక చూస్తూ వెనక కాళ్ళు కుదించుకుంటోంది. పైన రంగుల షామియానా, లడ్డూల మీద ఎండ మరకలు. చెయ్యి ఆగుతుందా? గొంతుక్కూర్చుని కన్ను పెట్టేసేను.

పక్కకొచ్చి వెంకటరమణ గారు ఏదో అంటున్నారు.

"ఆయ్," అన్నాను.

ఇంకేదో అన్నారు. పిల్లి తోక ఆడించింది.

"ఆయ్, ఆయ్. ఎంతమాటండీ."

పిల్లి ఎగిరింది, క్లిక్! వెనక పెద్దగా చప్పట్లు. పిల్లి ఫోటోకి చప్పట్లేంటా అని తలెత్తేను. వెంకటరమణ గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. సుభ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

"ఏమన్నారు ఆయన?" అన్నాను చెవిలో.

"పెళ్ళి ఫోటోలకి వేరే ఎవర్నీ పిలవరట. మీ చేత్తోనే మొదలైంది కాబట్టి మీ చేత్తోనే జరగాలట. ప్రధానం నుంచి అప్పగింతలదాకా, రెండువైపుల చుట్టాల్నీ స్టేజీ మీద వరసగా నిలబెట్టి, ఒక్కర్నీ వదలకుండా మీరే తీస్తారట," అంది సుభ. "ఎంతమాటండీ అన్నారు మీరు."

అదండీ సంగతి. నిన్న సాయంత్రం కొట్టు ముందు యూరియా బస్తాల్ని వరసగా నిలబెట్టి ప్రాక్టీసు మొదలెట్టేను. "పెద్దవాళ్ళు మధ్యలోకి రండి, కాస్త దగ్గరికి జరగండి, ఇటు చూడండి, నవ్వండి!" అన్నాను. బస్తాలు బుద్ధిగానే నిలబడ్డాయండి. నవ్వింది మాత్రం కొత్తపేట మొత్తం.